టెనర్ వరసలో విజయశ్రీ

కుట్లు విప్పేసిన మర్నాడు విజయశ్రీ వంటగదిలో ఒంటరిగా నిలబడి పాడబోయింది. భర్త త్రినాథ్ ఎక్కడో జనరేటర్ పాడయిందని పొద్దున్నే సామాన్ల సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు. అత్తగారు తాయారమ్మ కింద అంతస్తులో ఎవరితోనో కబుర్లలో పడింది. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుని విజయశ్రీ కిటికీ వైపు తిరిగి, మెల్లగా కిందిస్థాయిలో మొదలుపెట్టింది. కింద బాగానే ఉంది. మధ్యలో కాస్త గరగరలాడింది, అంతే. ధైర్యం వచ్చి పైకి ఎక్కింది. ఒకచోట గొంతు ఆగిపోయింది.

నొప్పి లేదు. బొంగురు కూడా కాదు. నోరు తెరిచే ఉంది, ఊపిరి వస్తూనే ఉంది, స్వరం మాత్రం రాలేదు. ఉత్త గాలి వచ్చింది. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే చోట అదే గాలి. పొయ్యి మీద పాలు పొంగి పారుతున్నా చాలాసేపటిదాకా ఆమెకి తెలియలేదు.

డాక్టరు ముందే చెప్పాడు. మెడలో గడ్డ పెద్దదైపోయింది, తీయక తప్పదు. తీశాక ఇంకోమాట చెప్పాడు. "గడ్డ ఒక సన్నటి నరాన్ని అంటుకుని ఉందమ్మా. జాగ్రత్తగానే విడదీశాం. మాటకి ఏ లోటూ రాదు. పైస్థాయిలో పాడాలంటే మాత్రం ఆ నరమే గొంతుని బిగించాలి. కొన్ని నెలల్లో కోలుకోవచ్చు. కోలుకోకపోవచ్చు కూడా." ఆయన దాచిందేమీ లేదు. ఆమే సగం విని, మిగతా సగం వినకుండా వదిలేసింది.

విజయశ్రీ ఊళ్ళోని తామ్వే పేటలో ఒక చిన్న ఆస్పత్రిలో రిసెప్షన్ కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. రోగుల పేర్లు పిలవడం, ఫోన్లు ఎత్తడం ఆమె పని. ఆ పనికి మిగిలిన గొంతు సరిపోతుంది. కానీ ఆమె తన గొంతుని ఆ పని కోసం పెంచుకోలేదు.

వాళ్ళ నాన్న గోవిందు అదే ఊళ్ళో బోటాటౌంగ్ రేవులో క్రేన్ నడిపేవాడు. సాయంత్రాలు రామమందిరంలో భజన. పదమూడేళ్ళు వచ్చేసరికి భజనలో ముందు పాట అందుకునేది విజయశ్రీయే. రేవు నుంచి వచ్చిన కూలీలు, క్రేన్లవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు ఆ పిల్ల గొంతు పైకి లేస్తుంటే తాళాలు వాయిస్తూ తలలు ఊపేవాళ్ళు. తర్వాత ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడి నర్సు ఒకామె తమ చర్చి వెనక హాలులో పాటల సాధన జరుగుతుంది, వినడానికి రమ్మని తీసుకెళ్ళింది.

ఆ రోజు విన్నది ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. హార్మోనియం లేదు, డప్పు లేదు, వాయిద్యమన్నదే లేదు. పన్నెండు మంది ఉత్త గొంతులతో పాడుతున్నారు. ఒకరు ఒక మాట అందుకున్నారు. అది పూర్తవకముందే ఇంకొకరు అదే మాట కిందిస్థాయిలో మొదలుపెట్టారు. వాళ్ళ వెనకే మూడోవాళ్ళు, నాలుగోవాళ్ళు. భజనలో అయితే ఒకరు ముందు, తక్కినవాళ్ళు వెనక, అందరిదీ ఒకే వరస. ఇక్కడ ఎవరి వరస వాళ్ళది. ఎవరూ ఎవరికీ వంత పాడటం లేదు. వీటిలో అసలు పాట ఏదా అని విజయశ్రీ చాలాసేపు వెతికింది. అన్నీ అసలు పాటలే అని అర్థమైనప్పుడు ఆమెకి ఒళ్ళు జలదరించింది.

అవి నాలుగొందల యాభై, ఐదొందల ఏళ్ళ కిందటి ఐరోపా పాటలు. సగం లాటిన్‌లో దేవుణ్ణి వేడుకునేవి, సగం ఇటాలియన్‌లో ప్రియురాల్ని వేడుకునేవి. నేర్పించేది సయామా ఎస్తర్. బర్మా భాషలో సయామా అంటే పంతులమ్మ. కరెన్ తెగ కుటుంబంలో పుట్టిన చిన్నపాటి మనిషి, బడిలో సంగీతం చెప్పి రిటైరైంది. పొగడ్త ఆమె నోట ఎవరూ వినలేదు. "గుడికి రాసిన చేతులే వీధికీ రాశాయి. రెండూ ఒకే శ్రద్ధతో పాడాలి. దేవుడి పాట అని మొహం మాడ్చుకోకండి, ప్రేమ పాట అని నడుం ఊపకండి," అనేది. విజయశ్రీని ఆ రోజే పాడమని అడిగింది. భజన ఒకటి విని, "రేపటి నుంచి సొప్రానోల్లో నిలబడు," అంది. అన్నిటికంటే పైన పాడే ఆడగొంతుల వరస అది.

అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. మంగళవారం సాయంత్రాలు, శనివారం మధ్యాహ్నాలు. ఊళ్ళో కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయినా వీళ్ళ పని ఆగేది కాదు. వీళ్ళకి కరెంటుతో అవసరమే లేదు. చీకటి పడితే కొవ్వొత్తులు వెలిగించి కాగితాలు చూసుకునేవాళ్ళు. సొప్రానో వరసలో మొదటి గొంతు విజయశ్రీదే. ప్రతి పాటలో ఒకచోట ఆ గొంతు అందరి మీదుగా ఎగిరి, పైన ఒక్కక్షణం నిలిచి, కిందికి దిగేది. ఆ క్షణం కోసమే ఆమె వారమంతా బతికేది.

ఇప్పుడు ఆ క్షణం లేదు.

ఆమె నమ్మలేదు. రోజూ తెల్లారి లేచి, బట్టలు ఆరేసే చిన్న బాల్కనీలో నిలబడి సాధన చేసింది. పెదాలు మూసి, ముక్కుతో, నాలుక కొసతో, డాక్టరు చెప్పినవి, చెప్పనివి కూడా. తాయారమ్మ మంచం మీంచే విసుక్కునేది.

"ఏటే పిల్లా ఆ మూలుగు? ఇంట్లో ఎవరికో బాలేదనుకుంతారు."

"గొంతు సరిసేసుకుంతన్నానత్తా."

"సరిసేత్తే సరయ్యేదయితే డాకటేరు సేసేవోడు కాదేటి?"

విజయశ్రీ వీధి వైపు తిరిగేది. మళ్ళీ మొదలుపెట్టేది.

మూడు నెలలు అయ్యాక సాధనకి వెళ్ళింది. అందరూ చుట్టుముట్టి పలకరించారు, ఒకరు మెడ మీది మచ్చ చూసి కళ్ళు తుడుచుకున్నారు. పాట మొదలైంది. ఆ చోటు వచ్చింది. విజయశ్రీ ఊపిరి బలంగా పీల్చి పైకి వెళ్ళింది. గాలి. పక్కన నిలబడ్డ తిరి అనే కొత్త అమ్మాయి భయపడి తానూ ఆగిపోయింది. పాటంతా కుప్పకూలింది.

సయామా ఎస్తర్ సాధన ముగించి, అందరూ వెళ్ళాక ఆమెని పిలిచింది.

"విజయా, వానలు తగ్గాక కచేరీ ఉంది. నీ చోటు తిరికి ఇస్తున్నాను."

"సరే సయామా."

"నువ్వు మానేయొద్దు. పిల్లలకి లాటిన్ పలకడం నేర్పు. నాకు తోడుగా కూర్చో. నీ చెవి నాకు కావాలి."

"నేను కూర్చోడానికి రాలేదు సయామా. పాడటానికి వచ్చాను."

"పాడటానికి గొంతు ఏది?" అంది ఎస్తర్. కటువుగా అనలేదు. నిజంగానే అడిగింది.

విజయశ్రీ సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఇంటికి చేరేసరికి అది మొండితనంగా మారింది.

తర్వాతి మంగళవారం కూడా వెళ్ళింది. కూర్చోమన్న కుర్చీలో కూర్చోలేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడి, నోరు మూసుకుని, మొదటిసారిగా పై వరసని వదిలి కింది వరసల్ని విన్నది. పద్దెనిమిదేళ్ళుగా ఆ పాటలు పాడుతున్నా ఆమెకి వాటి కిందిభాగం తెలియదు. మేడ మీద ఉండేవాళ్ళు కింది వాటాల మొహం చూడనట్టు, తన కింద ఎవరేం పాడుతున్నారో ఏనాడూ పట్టించుకోలేదు.

కింది వరసలు పలచబడిపోయి ఉన్నాయి. మగవాళ్ళలో ఎక్కువగా కుర్రాళ్ళే ఉండేవాళ్ళు. సైన్యంలోకి పిలిచే చట్టం వచ్చాక ఒక్కొక్కరే సరిహద్దు దాటిపోయారు. టెనర్ వరసలో, అంటే మగగొంతుల్లో పై వరసలో, ఇద్దరే మిగిలారు. వాళ్ళలో ఒకతను ఆ నెలలోనే ఎవరికీ చెప్పకుండా థాయ్‌లాండ్ వెళ్ళిపోయాడు. మిగిలింది అంకుల్ బెన్నీ ఒక్కడే. ఒకప్పుడు ఓడల్లో ఇంజనీరు, అరవై దాటినా గొంతు దిట్టంగా ఉంది. కానీ కచేరీలో అన్నిటికంటే పెద్దది, దయ చూపమని వేడుకునే ఐదు వరసల లాటిన్ పాట. అందులో టెనర్ వరసలే రెండు. ఒక మనిషి రెండు వరసలు పాడలేడు.

"ఆ పాట తీసేద్దాం," అంది సయామా ఎస్తర్.  ఆమె ఏళ్ళ తరబడి పాడించాలనుకున్న పాట అది.

ఆ వారం ఆస్పత్రిలో ఫోన్ మోగితే విజయశ్రీ ఎత్తి, "చెప్పండి," అంది. అవతలివాడు, "ఆకో, డాక్టరుగారు ఉన్నారా?" అన్నాడు. ఆకో అంటే అన్నయ్య. ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. ఈమధ్య ఇలా అన్నది అతనొక్కడే కాదు. సాయంత్రం అన్నం పెడుతూ త్రినాథ్‌కి చెప్పింది.

"నాకూ అలాగే అయినాది," అన్నాడు అతను తప్పుచేసినవాడిలా. "మొన్న ఫోన్ సేసినప్పుడు నువ్వనుకోనేదు నాను. ఎవరో మొగోడు ఎత్తినాడనుకున్నాను. నీ గొంతు కిందికి దిగిపోనాది విజ్జీ."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఎంత కిందికి?"

"నాకేటి తెలుస్తాది? కిందికి."

ఆమె బాల్కనీలోకి వెళ్ళింది. ఇన్నాళ్ళూ పైకి ఎక్కడానికే పెనుగులాడింది గానీ, కిందికి దిగి చూడలేదు. ఇప్పుడు దిగింది. ఒక్కొక్కటే, ఒక్కొక్కటే. ఎప్పుడూ అడుగుపెట్టని చోట్లకి గొంతు దిగిపోయింది. అక్కడ స్వరం ఉంది. సన్నగా ఉంది, బలం లేదు, కానీ గాలి కాదు. స్వరమే.

శనివారం ఆమె అందరికంటే ముందు హాలుకి చేరింది. సయామా ఎస్తర్ బల్లలు సర్దుతోంది.

"సయామా, రెండో టెనర్ నాకివ్వండి."

ఎస్తర్ బల్ల వదిలేసి చూసింది. "అది మగవాళ్ళ వరస."

"స్వరాలు ఉన్నాయి నాకు. వినండి."

వినిపించింది. ఎస్తర్ చివరిదాకా విన్నది. "ఉన్నాయి. బలం లేదు. అంకుల్ బెన్నీ పక్కన నీ గొంతు వినపడకుండా పోతుంది. నీమీద జాలితో ఆ చోటు ఇచ్చానంటే పాట చెడుతుంది, నువ్వూ చెడతావు. ఇవ్వను."

"బలం తెచ్చుకుంటే?"

"తెచ్చుకున్నాక అడుగు."

"కాగితం ఇవ్వండి. వరస చూసుకుంటాను."

ఎస్తర్ రెండో టెనర్ కాగితాలు ఇచ్చింది. పాటని తీసేస్తానన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బలం తెచ్చుకోవడం విజయశ్రీ అనుకున్నంత కష్టం కాలేదు. రోజూ తెల్లవారుజామున, రోజూ సాయంత్రం, ఊపిరిని నడుం దాకా దించి నిలబెడితే నెల తిరిగేసరికి గొంతు అడుగుభాగం గట్టిపడింది. కష్టమంతా ఇంకోచోట వచ్చింది. చెవి దగ్గర.

ఆమె తన వరస తాను ఒంటరిగా బాగానే పాడుతుంది. పక్కన సొప్రానో వినిపించిందంటే చాలు, చెవి అటు లాగేస్తుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. తనకి తెలియకుండానే టెనర్ వదిలేసి, తన పాత వరసని కిందిస్థాయిలో పాడేస్తుంది. ఎన్నిసార్లు సరిచేసుకున్నా అదే చోట అదే తప్పు.

దీనికి ఒకటే మందు అనుకుంది. పోయినేడాది ఈ పాట సాధన చేసినప్పుడు త్రినాథ్ ఫోన్‌లో రికార్డు చేశాడు. ఆ పాట కచేరీ దాకా రాలేదు గానీ రికార్డు మాత్రం ఉంది. ఆపరేషన్ అయ్యాక ఆమె దాన్ని ఒక్కసారి కూడా వినలేదు.

"అది పెట్టండి," అంది ఆ ఆదివారం.

"ఎందికి? బాద పడతావు."

"దానిమీద నాను పాడాల."

త్రినాథ్ ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తాయారమ్మ కూరగాయలు తరుగుతూ చూస్తోంది. పాట మొదలైంది. ఐదు వరసలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నిటి మీదా ఒక గొంతు తేలుతూ వచ్చింది. వెలుతురులాంటి గొంతు. కత్తిపీట మీద తాయారమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అది నువ్వేనేటే?"

"నానే అత్తా."

 ముసలామె తల వంచుకుని బెండకాయలు తరిగింది.

విజయశ్రీ తన పాత గొంతు ఎదుట కూర్చుని కొత్త వరస పాడటం మొదలుపెట్టింది. మొదటిసారి రెండో వాక్యంలోనే అటు జారిపోయింది. రెండోసారి ఏడుపు వచ్చి ఆపేసింది. లేచి మొహం కడుక్కుని వచ్చి, "మల్లీ పెట్టండి," అంది. త్రినాథ్ పెట్టాడు. ఆ ఆదివారం ఫోన్ చార్జింగ్ అయిపోయేదాకా పెడుతూనే ఉన్నాడు. మర్నాటి నుంచి ఆమే పెట్టుకుంది. కొన్నాళ్ళకి ఆ పై గొంతు ఆమెకి తనదిలా కాక, ఎవరో బాగా పాడే అమ్మాయిదిలా వినిపించసాగింది. అలా అయిన రోజున ఒక రాయి దింపుకున్నట్టూ అనిపించింది, దగ్గరివాళ్ళెవరో పోయినట్టూ అనిపించింది. రెండూ ఒకేసారి.

అంకుల్ బెన్నీకి సంగతి తెలిసింది. సాధన అయ్యాక బస్సు స్టాపు దాకా ఆమెతో నడుస్తూ అన్నాడు.

"పైన వినపడేదాన్ని వినకూడదని అనుకుంటున్నావు కదూ? అది కుదరదు. వద్దనుకున్నకొద్దీ అదే వినపడుతుంది. నువ్వు కింద విను. అందరికంటే కింద పాడే బేస్ ఏం పాడుతున్నాడో దాన్ని పట్టుకో. ఓడలో ఇంజన్ గదిలో ఉన్నవాడికి పైన గాలి ఎటు వీస్తే ఏం? కింద చప్పుడు సరిగా ఉందా లేదా, అదే వాడికి కావాలి."

"కింద వింటే నా వరస నిలబడుతుందా అంకుల్?"

"నాది నలభై ఏళ్ళుగా నిలబడింది."

కచేరీకి ఇంక కొద్దివారాలే ఉందనగా ఆమె మళ్ళీ అడిగింది. ఈసారి సయామా ఎస్తర్ కాదనలేదు. అయిదు వరసల్లోంచి ఒక్కొక్కరిని పిలిచి నిలబెట్టింది. తిరిని తీసుకొచ్చి సరిగ్గా విజయశ్రీ చెవి పక్కనే నిలబెట్టింది. అందరికీ అర్థమైంది. సొప్రానో, రెండో టెనర్ పక్కపక్కన ఎప్పుడూ నిలబడరు. ఇది పరీక్ష.

పాట మొదలైంది. తిరి గొంతు చెవిలో గంటలా మోగింది. పై స్వరం వచ్చే చోట విజయశ్రీ జారిపోయింది. ఎస్తర్ చెయ్యి ఆగింది.

"మళ్ళీ," అంది విజయశ్రీ.

ఆ హాలులో ఆ మాట అనే హక్కు ఎస్తర్ ఒక్కదానిదే.  ఎస్తర్ కనుబొమలు ఎత్తింది గానీ చెయ్యి కూడా ఎత్తింది. పాట మళ్ళీ మొదలైంది. విజయశ్రీ మళ్ళీ అదే చోట జారిపోయింది.

"మళ్ళీ."

ఈసారి ఆమె కళ్ళు మూసుకుంది. తిరిని వినకూడదని అనుకోలేదు. బేస్ గొంతు ఎక్కడుందో వెతికి దాన్ని పట్టుకుంది. అది నేలలా ఉంది. దాని మీద నిలబడి తన మాటలు తాను పలికింది. పై స్వరం వచ్చింది, తల మీదుగా పోయింది. ఆమె కదల్లేదు. పాట చివరిదాకా నడిచింది.

ఎస్తర్ కాగితాలు సర్దుకుంది. "ప్రేమ పాటలు కూడా నేర్చుకో. టెనర్ అంటే దేవుడి పాట ఒక్కటే కాదు." అంతే అంది. ఇస్తున్నానని అనలేదు, తీసేస్తానన్న పాట మళ్ళీ పెడుతున్నానని కూడా అనలేదు. అంకుల్ బెన్నీ ఒక్కడే నోరు తెరిచి నవ్వాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర తాయారమ్మ అడ్డం తిరిగింది. ఇన్నేళ్ళూ చర్చిలో పాడటానికి ఆమెకి అభ్యంతరం లేదు, చీకటి పడ్డాక ఇంటికి రావడానికే అభ్యంతరం. ఇప్పుడు కొత్తది దొరికింది.

"మొగోళ్ళ వరసలో నిలబడతావా? మందిలో? మనోళ్ళు సూస్తే ఏటనుకుంతారు?"

"ఏటనుకుంతారత్తా? ఆడది మొగోళ్ళ పాట పాడతన్నాదనుకుంతారు. నిజమే గదా."

"నవ్వుతారే."

"నవ్వనీ. నాను పాడకుండా కూకుంటే ఎవులూ నవ్వరు. కానీ నాను బతకనేను."

అంతవరకూ ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు.  తాయారమ్మ కోడలి మెడ మీది మచ్చ వైపు చూసింది. కంచం పక్కకి జరిపి, "మాకూ సీట్లుంటాయేటి అక్కడ?" అని త్రినాథ్‌ని అడిగింది.

కచేరీ శనివారం మధ్యాహ్నం. వాన తగ్గిందనుకుంటే ఆ రోజే తిరిగొచ్చింది. రేవు మీంచి తడిగాలి చర్చిలోకి కొడుతోంది. కరెంటు లేదు, ఫ్యాన్లు తిరగడం లేదు. అయినా బెంచీలన్నీ నిండాయి. చివరి వరసలో త్రినాథ్ ఇస్త్రీ చొక్కాతో, పక్కన తాయారమ్మ పట్టుచీరలో నిటారుగా కూర్చున్నారు. పాడేవాళ్ళు లోపలికి వచ్చి నిలబడ్డారు. మగవాళ్ళ మధ్య తెల్లచీరతో ఒక ఆడమనిషి. జనంలో చిన్న కదలిక, ఎవరిదో గుసగుస. విజయశ్రీ అవేవీ చూడలేదు. బేస్ పాడేవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చూసుకుంది.

ముందు చిన్న పాటలు అయ్యాయి. తర్వాత ఐదు వరసల పాట. అంకుల్ బెన్నీ మొదట అందుకున్నాడు. ఆడగొంతుల్లో కింది వరస పాడే ఆల్టోలు చేరారు. మూడో మాట మీద విజయశ్రీ రావాలి. వచ్చింది. తన గొంతు బయటికి వెళ్ళడం ఆమెకి వినపడలేదు. మిగతా గొంతుల్లో కలిసిపోవడం మాత్రం ఒంట్లో తెలిసింది.

పాట సగం దాటింది. సొప్రానో పైకి లేచే చోటు దగ్గరపడుతోంది. ఎదురుగా అర్ధచంద్రాకారంలో నిలబడ్డ తిరి మొహం మీద విజయశ్రీ చూపు పడింది. ఆ అమ్మాయి కాగితం చూడటం లేదు. జనాన్ని చూస్తోంది. మొహంలో రక్తం లేదు. ఎన్నో ఏళ్ళ కిందట తన మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. ఈ పిల్ల ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది. ఇంకో రెండు మాటల్లో ఆ చోటు వచ్చేస్తుంది. సయామా ఎస్తర్ చూపు ఆ సమయంలో ఆల్టోల వైపు ఉంది.

ఆ చోటు ఎప్పుడు వస్తుందో ఈ హాలులో విజయశ్రీకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తన వరస వదలకుండా, నోరు తన మాటలు పలుకుతూ ఉండగానే, ఆమె తిరి కళ్ళలోకి సూటిగా చూసి భుజాలు పైకెత్తి ఊపిరి తీసుకోమని చూపించింది. తిరి చూసింది. పీల్చింది. విజయశ్రీ తల ఆడించింది, ఇప్పుడు.

తిరి గొంతు అందరి మీదుగా లేచింది. పైన ఒక్కక్షణం నిలిచింది. ఆ క్షణం విజయశ్రీ నోట్లో ఆ స్వరం లేదు. ఎప్పటికీ ఉండదు. అది ఆమెకి ఆ నిమిషంలో ఖాయంగా తెలిసింది. కాళ్ళ కింద బేస్ నడుస్తూ ఉంది. ఆమె తన స్వరం మీద నిలబడే ఉంది. ఆ పైస్వరం అంత బాగా వినిపించడానికి కింద తాను పట్టుకున్న స్వరం కూడా ఒక కారణమని అప్పుడు మొదటిసారి విన్నది. పద్దెనిమిదేళ్ళు తనకి ఇలా ఎవరెవరో కింద పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో సగంమంది ఇప్పుడు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలియదు.

ప్రేమ పాటలకి జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఒకదాంట్లో ప్రియుడు తెల్లారింది వెళ్తానంటాడు. అయిదు వరసలూ వెళ్తా, వెళ్తా అంటాయి, ఎవరూ కదలరు. అంకుల్ బెన్నీ, విజయశ్రీ ఒకరి తర్వాత ఒకరు ఆ మాట అంటుంటే ముందు బెంచీలో ఒక ముసలాయన పగలబడి నవ్వాడు.

అయిపోయాక తిరి పరిగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. సయామా ఎస్తర్ వచ్చి, "రెండో ప్రేమ పాటలో నువ్వు తొందరపడ్డావు," అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఆ పిల్లకి ఊపిరి అందించింది చూశాను. మంగళవారం ముందుగా రా. కొత్త పాటలో మొదటి టెనర్ చూద్దాం."

బయట వాన చినుకులుగా మారింది. త్రినాథ్ గొడుగు విప్పుతూ మొహమాటంగా అన్నాడు.

"సానా బాగున్నాది విజ్జీ. కానీ నీ గొంతు ఏదో నాకు తెలీనేదు. ఎంత ఇన్నా అందర్లో కలిసిపోనాది."

"తెలీనేదా?"

"నేదు. కోపమా?"

"కాదు," అంది ఆమె. ఆ రోజు ఎవరూ అంతకంటే మంచిమాట అనలేదని అతనికి చెప్పలేదు.

తామ్వే బస్సు ఎక్కారు. ముగ్గురికీ వెనక సీటు దొరికింది. బస్సు రెండు స్టాపులు దాటింది. తాయారమ్మ కోడలి మోచేయి పొడిచింది.

"ఓలె పిల్లా, నువ్వు పాడిన ముక్క ఏది? అది ఒకటీ పాడు."

"ఇక్కడా?"

"బస్సులో పాడకూడదేటి? మొగోళ్ళ మద్దిన పాడినదానివి."

విజయశ్రీ చుట్టూ చూసింది. టిక్కెట్ల అబ్బాయి తలుపుకి ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాడు. ఆమె మెల్లగా రెండో టెనర్ వరస అందుకుంది. అది ఒక్కటే పాడితే చిత్రంగా ఉంది. ఒక మాట అంటుంది, ఆగుతుంది, ఎవరో జవాబు చెప్పినట్టు మళ్ళీ అంటుంది. మధ్యలో ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడుతుంది. తాయారమ్మ చెవి దగ్గర పెట్టి విన్నది, కళ్ళు చిట్లించింది.

"దీనికేటి, తలా నేదు తోకా నేదు!"

విజయశ్రీ నవ్వేసింది. "అవునత్తా. తక్కినోళ్ళు కూడా ఉండాల."

"అలాగైతే అది పాటేటి?"

"అదే పాట," అంది విజయశ్రీ, ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకుని. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె ఆపలేదు.